గడప బయట గ్రీకు యుద్ధం

మా అత్తగారు పోయారు. ఆ కబురు నాకు ఎలమంచిలి బడిలో అందింది. ఆరో తరగతి పిల్లల చేత నదుల పేర్లు చెప్పిస్తున్నాను. హెడ్మాస్టరుగారి గదిలో ఫోన్ మోగింది, నన్ను పిలిచారు. రిసీవరు ఇంకా చెవి దగ్గరికి రాకుండానే అవతలి గొంతు గదంతా వినిపించింది. ఊరు ఎంత దూరమో అంత గట్టిగా అరవాలనుకునేవాళ్లుంటారు కదా, అలాంటి గొంతు. "ఓలమ్మీ, అక్క ఎల్లిపోనాదే! కుళాయి కాడ కూకుని మరి లెగనేదే! నువ్వు బేగి వచ్చీయే!"

అది మా చిన్నత్త. మా అత్తగారి తోటికోడలు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క పెరటి గోడ.

విశాఖపట్నం రైల్లో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన తిరుగుతోంది. ఒకప్పుడు ఈ ఇద్దరాడవాళ్లు ఒకరి నీడ ఒకరి మీద పడనిచ్చేవాళ్లు కాదు. ఇవాళ ఒకరు పోతే, గుండె బాదుకుంటూ కబురు చెప్పింది రెండో ఆవిడ. వీళ్లని కలిపింది పెద్దమనుషులూ కాదు, చుట్టాలూ కాదు. రెండువేల ఏళ్లకి ముందెప్పుడో గ్రీకు దేశంలో జరిగిన ఒక యుద్ధం. నవ్వొస్తే నవ్వండి, నాకేం ఫర్వాలేదు. మధ్యలో కూర్చుని చదివినదాన్ని నేనే కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాను.

మాది మద్దిలపాలెం జంక్షనుకి కాస్త లోపలగా ఉన్న వీధి. మా మావగారూ, ఆయన తమ్ముడూ పద్మనాభం దగ్గర పల్లె నుంచి వచ్చినవాళ్లు. ఒకరికి పోర్టులో, ఒకరికి రైల్వేలో పని దొరికింది. పక్కపక్కన రెండిళ్లు కట్టుకుని పెరడు మాత్రం ఒకటే ఉంచుకున్నారు. ఒకే కుళాయి, ఒకే రోలు, ఒకే బట్టల బండ. తోటికోడళ్లిద్దరూ ఒకే జామచెట్టు కింద కూర్చుని బియ్యం ఏరుకునేవారట. ఇదంతా నేను కాపురానికి రాకముందు మాట.

నా పెళ్లితోనే చెడింది. పెళ్లికి ముందు మగపెళ్లివారింట్లో పసుపు దంచుతారు. ఆ పనికి ముత్తయిదువులని గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. మా అత్తగారు కుంకుమ బరిణె పట్టుకుని వీధి వీధంతా తిరిగారు, పక్కిల్లు ఒక్కటి తప్ప. ఇంట్లో మనిషిని పిలవడమేమిటి, రోలు ఇద్దరిదీ, పిల్లాడు తను ఎత్తుకు పెంచినవాడు, తనే వస్తుంది అనుకున్నారు. అక్కడ చిన్నత్త తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, అక్క బరిణె పట్టుకుని వస్తుందని తన గుమ్మంలో కూర్చుంది. ఈవిడ ఆవిడ కోసం చూసింది, ఆవిడ ఈవిడ కోసం చూసింది. పసుపు దంచడం అయిపోయింది. చిన్నత్త పెళ్లికి రాలేదు. ఆ నెలలోనే పెరట్లో గోడ లేచింది, అటువైపు వాళ్లకి వేరే కుళాయి వచ్చింది. నా కాపురం వయసెంతో ఆ గోడ వయసూ అంతే.

అప్పట్లో నేను ప్రైవేటుగా బి.ఏ. పరీక్షకి కట్టాను. కోడలు చదువుకుంటోందని మావగారికి మహా సరదా. ఓడల నుంచి దిగిన పాత పుస్తకాలు పాత పోస్టాఫీసు వైపు పేవుమెంటు మీద పోసి అమ్మేవారు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ ఆయన ఇటుకంత మందం ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. "హిస్టరీ అని రాసుంది కదేటమ్మా. నీ పరీచ్చకి పనికొత్తాది" అన్నారు. తీరా చూస్తే అది గ్రీకుల యుద్ధ చరిత్ర. ఏథెన్సు, స్పార్టా అనే రెండూళ్లు కొట్టుకున్న కథ, ఆ యుద్ధంలో తానూ ఉన్న ఒకాయన రాసింది. నా పరీక్షకి దాంతో ఏ సంబంధమూ లేదు. ఆయన మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను.

మొదటి పేజీలో నాకు అర్థమైనవి రెండు మాటలు. పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చుంటే, మాట దొరికేసరికి వాక్యం మరిచిపోయేదాన్ని. పేర్లన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉండేవి, అన్నిటి చివరా బుస్సుబుస్సుమనే ఒకటే చప్పుడు. అయినా ఏదో పట్టుకుంది. పొయ్యి మీద పులుసు మరుగుతుంటే చదువుతున్నాను. అత్తగారు వచ్చి, "ఏటే అది, మొకం అలా ఎలిగిపోతంది?" అన్నారు. యుద్ధం కథ అన్నాను. అంతే, గరిటె కింద పెట్టేశారు.

"యుద్ధం కతలు గడప లోపల సదవకూడదే! ఇంట్లో రేగుతాయి. మా నాయన బారతం సదివించినా సావిట్లోనే సదివించేవోడు. పద, పెరట్లోకి పద. నాను ఇంటాను."

అలా మా యుద్ధం పెరట్లో మొదలైంది. మధ్యాహ్నం అంట్లయ్యాక నేను బట్టల బండ మీద, ఆవిడ పీట మీద, గోడ నీడలో. ఇంగ్లీషులో ఒక పేరా చదువుకుని, అర్థమైనంత తెలుగులో చెప్పేదాన్ని. నాలుగింటికి కుళాయి బుస్సుమంటే యుద్ధం ఆగిపోయేది. ఇద్దరం బిందెలు పట్టుకుని లేచేవాళ్లం.

పేర్ల బెడద ఆవిడే తీర్చారు. సముద్రం దాకా గోడలు కట్టుకున్న ఏథెన్సు "గోడలూరు". పిల్లల్ని పస్తులుంచి, కొరడాలతో కొట్టి పెంచే స్పార్టా "పస్తులూరు". దేవుడికి దణ్ణం పెట్టందే కాలు కదపని ముసలి సేనాని "ముహూర్తాలోడు". మూడుసార్లు పక్షం మారిన అందగాడు "సోకులోడు". ఇలా పేర్లు పెట్టేసరికి వాళ్లంతా మన వీధిలో మనుషులైపోయారు. నాకు ఆ యుద్ధం అర్థం కావడం మొదలైంది ఆ రోజునుంచే. డిక్షనరీ చెయ్యని పని ఆవిడ పెట్టిన పేర్లు చేశాయి.

ఆవిడ మొదటి రోజే గోడలూరు పక్షం పట్టేశారు. ఎందుకంటే పస్తులూరివాళ్లు ఏటా పంట చేతికొచ్చే వేళ చూసి వచ్చి చేలు తగలబెట్టేవాళ్లు. రైతులంతా పల్లెలొదిలి గోడల లోపలికి వచ్చి ఇరుక్కుని, పైనించి తమ చెట్లు నరుకుతుంటే చూస్తూ నిలబడేవాళ్లు. అది చెప్పినప్పుడు అత్తగారు చేతిలో ఉన్న చింతపండు అలాగే పట్టుకుని ఉండిపోయారు. "మనుసుల మీద కోపముంటే మనుసుల్ని కొట్టాల. సెట్టేటి సేసినాదే?" అన్నారు. ఊరొదిలి వచ్చిన మనిషి కదా, ఆవిడకి అది పుస్తకం కాదు.

గోడకి అవతల మొదట్లో గిన్నెల మోత వినిపించేది. మేము మొదలెట్టగానే చిన్నత్త కావాలని అంట్లు ముందేసుకునేది. నేను గొంతు పెంచితే ఆవిడ కొబ్బరిపీచు పెంచేది. తరవాత తరవాత ఆ మోత తగ్గింది. ఓ రోజు పస్తులూరివాళ్లు ఒక చిన్న ఊరిని చుట్టుముట్టే ఘట్టం. లోపలివాళ్లు వానా గాలీ ఉన్న చీకటిలో నిచ్చెనలేసుకుని, శత్రువు తమ చుట్టూ కట్టిన గోడ ఎక్కి దిగి పారిపోతున్నారు. నిచ్చెన ఎంత పొడుగుండాలో తెలుసుకోవడానికి ఎదురుగోడలో ఇటుకల వరసలు లెక్కపెట్టుకున్నారు. అత్తగారు పీట అంచుకి వచ్చేశారు. సరిగ్గా అప్పుడు కుళాయి బుస్సుమంది. నేను పుస్తకం మూశాను.

గోడ అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. "దిగినారా, నేదా?"

ఎవరినీ అడిగినట్టు కాదు. గాలిని అడిగినట్టు. అత్తగారు బిందె పట్టుకుని బొమ్మలా నిలబడిపోయారు. నా మోచెయ్యి పొడిచారు. "సెప్పు, సెప్పు" అని పెదాలు మాత్రం కదిపారు. "చాలామంది దిగిపోయారు చిన్నత్తా, తప్పించుకున్నారు" అన్నాను. అటునుంచి హమ్మయ్య అని నిట్టూర్పు. ఆ సాయంత్రం మా అత్తగారు బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

మర్నాటి నుంచి మాకు శ్రోతలు ఇద్దరు. చిన్నత్త పస్తులూరి పక్షం. అక్క అటు పడితే తను ఇటు పడాలి, అంతకంటే కారణం అక్కర్లేదు. "పస్తులూరేటి? కట్టుబాటున్న ఊరు. కబుర్లు సెప్పుకుని బతికే ఊరు కాదు" అనేది. ఇద్దరూ సూటిగా మాత్రం మాట్లాడుకోరు. మధ్యలో టెలిఫోను తీగ నేను. "సెప్పవే దానికి, ఓడలు నేనోళ్లు సముద్రం మీద యుద్ధం సెయ్యలేరని." "సెప్పవే మీ అత్తకి, ఓడల్లో కూకుని సేలు దున్నలేరని." గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తున్నా, నేను మళ్లీ ప్రతి మాటా అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే ఇద్దరికీ కోపం.

ఆ రోజుల్లో నాకున్నంత సంబరం మళ్లీ నా జీవితంలో లేదు. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దున్నే చూసేదాన్ని. అత్తగారు ముగ్గుపిండితో పెరట్లో సముద్రం గీసేవారు, దీవులకి గులకరాళ్లు, ఓడలకి చింతగింజలు. మర్నాడు ఊడ్చేటప్పుడు ఆ యుద్ధభూమి చుట్టూ ఊడ్చేవారు తప్ప దాని మీద చీపురు వెయ్యనిచ్చేవారు కాదు. మావగారు డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే, "ఏ ఊరు పడిపోనాది?" అని అడిగేవారు.

అయితే ఒక రోజు నవ్వులాట ఆగిపోయింది. మా గోడలూరివాళ్లే ఒక చిన్న దీవి మీదికి వెళ్లారు. ఆ దీవి ఎవరి జోలికీ పోనిది. మాకు బలముంది, మీకు లేదు, ఇందులో న్యాయం మాటెందుకు అన్నట్టు మాట్లాడారు. వాళ్లు లొంగకపోతే మగవాళ్లని చంపేసి, ఆడవాళ్లనీ పిల్లల్నీ అమ్మేశారు. నేను చదవడం ఆపాను. చిన్నత్త "అదీ మీ ఊరు!" అని కేక పెడుతుందనుకున్నాను, పెట్టలేదు. అత్తగారు రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు పీట వేసుకోకుండా, గోడ దగ్గరికి వెళ్లి నిలబడి, నన్ను మధ్యలో పెట్టకుండా అన్నారు: "మావోళ్లు సేసింది తప్పే. మనోళ్లు సేసినా తప్పు తప్పే కదా."

అటునుంచి చిన్నత్త గొంతు మెల్లగా వచ్చింది. "మావోళ్లు తక్కువోళ్లేటి? ఆ నిచ్చెనల ఊరిలో మిగిలినోళ్లని సంపీసినారు కదా."

గోడ లేచిన దగ్గర్నుంచీ వాళ్లిద్దరూ సూటిగా మాట్లాడుకున్న మొదటి మాటలవి. ఆ సాయంత్రం నా జడ వేస్తూ అత్తగారు, "ఆ పసుపు రోజు నాను బరిణెట్టుకుని నాలుగడుగులేత్తే ఏటి పోయేదే?" అన్నారు. "ఇప్పుడెళ్లండి అత్తా" అన్నాను. "ఇప్పుడెల్తే ఎందుకొచ్చినావంటాది. ఎల్లడానికి ఒక పనుండాల కదే." జడ బిగించి అల్లేశారు. ఆవిడకి కావలసింది అదొక్కటే, తోటికోడలు మళ్లీ తన గడప తొక్కాలి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

తరవాత గోడలూరి ఓడలు సిసిలీ అనే దూరపు దీవి మీదికి బయల్దేరాయి. రేవు దగ్గర ఊరు ఊరంతా వచ్చి దీవించి పంపింది. ఎంత గొప్ప దండు! మా అత్తగారు చింతగింజలు చాలక పెసలు కూడా పోశారు. ఆ ఓడలన్నీ ఒక పెద్ద రేవులోకి వెళ్లి, మూతి దగ్గర శత్రువు పడవలు గొలుసులతో కట్టి మూసేస్తే ఇరుక్కుపోయాయి. అదెలా సాధ్యం, సముద్రాన్ని మూసేయడమేమిటి అని ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఆదివారం మావగారు మమ్మల్ని కొండ మీది చర్చి దగ్గరికి తీసుకెళ్లారు. కింద మన రేవు, యారాడ కొండ ముక్కు పక్కనుంచి లోపలికి వచ్చే సన్నటి కాలవ. ఒక ఓడ ఆ కాలవలోంచి మెల్లగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని వస్తోంది. "ఇదిగో, ఈ మూతి మూసీసినామనుకో, లోపలున్నవి ఎటు పోతాయి?" అన్నారు మావగారు. అత్తగారు నోటి మీద చెయ్యేసుకున్నారు. "ఓలప్పో! అందరూ అందులోనే?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రోజూ చూసే రేవే అది. ఆ రోజు ఆ ఓడ లోపలికి వచ్చేదాకా మేము అక్కణ్ణించి కదల్లేదు.

మర్నాడు గొలుసుల సంగతి మళ్లీ చెబుతుంటే గోడ అవతల నుంచి, "తెలుసు, తెలుసు. నిన్న సాయంత్రం నానూ కొండెక్కి సూసొచ్చినాను" అని వినిపించింది. అత్తగారు చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వారు.

ఆ ఏడు మనకి పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు. అత్తగారు పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేసి, మమ్మల్నెవరినీ కిటికీ దగ్గరికి పోనివ్వలేదు. అది జరిగిన కొద్ది రోజులకే, నేను తొందరలో దాటేసిన పేజీల్లో, మా కథలోనూ గ్రహణం వచ్చింది. రేవు మూతి మూసేయకముందే, గోడలూరి దండు రేవు వదిలి పారిపోదామని సర్దుకున్న వేళ చంద్రగ్రహణం పడితే, ముహూర్తాలోడు ఇప్పుడు కదలకూడదన్నాడు. ఆగారు. ఆ ఆగడంలోనే శత్రువు గొలుసులు కట్టేశాడు. ఇక చూడండి మా పెరట్లో!

"గ్రహణం పట్టాక పయాణమేటి? సరిగ్గానే సేసినాడు" అంది చిన్నత్త.

"సరిగ్గానా! పీకల మీదికొచ్చినప్పుడు గ్రహణమేటి?"

"ఆహా! మొన్న పచ్చళ్ల మీద దర్బలేసినదెవరో?"

"పచ్చళ్ల మీద ఏసినాను. ఓడల మీద ఏయమననేదు!"

ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి అరుచుకుంటున్నారు, నడుమ నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. కానీ ఆ దండు చివరికి రాతి గనుల్లో బందీలై ఎండకీ దాహానికీ మాడిపోయే చోటికి వచ్చేసరికి, నేను పుస్తకం ఒళ్లో పెట్టేసుకున్నాను. చదవలేకపోయాను. గోడ మీద ఒక చెయ్యి కనబడింది, గాజులతో, మజ్జిగ గ్లాసుతో. "పిల్ల గొంతు ఆరిపోతంది" అంది చిన్నత్త. అత్తగారు లేచి గ్లాసు అందుకున్నారు. గెలిచినవాళ్ల పక్షం మనిషి కూడా ఆ రోజు ముక్కు చీదుతూనే ఉంది.

యుద్ధం ఇంకా అయిపోలేదు. మళ్లీ ఓడలు కట్టుకున్నారు, మళ్లీ మొదలెట్టారు. మేమూ మళ్లీ ముగ్గులు వేశాం. అంతలో ఒక మధ్యాహ్నం ఎవరో పరాయి దొర ఏదో ఊరు వెళ్లి అక్కడి అమ్మవారికి మొక్కు చెల్లించుకున్నాడని చదివాను. పేజీ తిప్పాను. అట్ట వచ్చింది.

"మొక్కి? తరవాతేటి?" అన్నారు అత్తగారు. "ఇంకేం లేదత్తా." "నేకపోవడమేటి! సిరిగిపోనాయేటో సూడు." గోడ అవతల నుంచి కూడా "సరిగా సూడవే" అని ఆర్డరు. మావగారు పుస్తకం చంకన పెట్టుకుని పేవుమెంటు కొట్టువాడి మీదికి యుద్ధానికే వెళ్లారు. చివరి కాగితాలు చింపి పొట్లాలు కట్టావా అని నిలదీస్తే, వాడు పిల్లల మీద ఒట్టేశాడట. చివరికి నేను యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి అదే పుస్తకం అడిగాను. అందులోనూ అమ్మవారి మొక్కే, తరవాత అట్టే. అక్కడి పెద్దాయన నవ్వి, "చిరగలేదమ్మా. రాసినాయనే అక్కడ ఆపేశాడు. ఎందుకో ఎవరికీ తెలీదు" అన్నారు.

అత్తగారికి ఈ మాట చెబితే మొహం పాలిపోయింది. "రామాయణమైనా పట్టాబిసేకం దాకా సదివి మూత్తారు. యుద్ధం తెరిసి, మూయకుండా పెరట్లో ఒగ్గేత్తే ఎలాగే?" అన్నారు. ఆపైన అసలు మాట బయటపెట్టారు. "పుస్తకం అయిపోనాదంటే సెల్లి మరి నాతో మాటాడదే."

నిజంగానే గోడ అవతల నిశ్శబ్దమైపోయింది. రెండో రోజు, మూడో రోజు కూడా. మాట్లాడ్డానికి విషయం లేదు మరి. ఆ తరవాత మళ్లీ గిన్నెల మోత మొదలైంది. ఆ మోత విన్నప్పుడల్లా అత్తగారు చేస్తున్న పని ఆపేసేవారు.

నేను ఊరుకోలేదు. పరీక్షకి చదవాల్సినవి పక్కన పడేసి రోజూ లైబ్రరీకి పరుగెత్తాను. ఆయన వదిలేసిన చోటి నుంచి రాసినవాళ్లు ఉన్నారని పెద్దాయన చెప్పారు. ఆ పుస్తకాలు తీసిచ్చారు. అప్పటికి నాకు డిక్షనరీ అంతగా అక్కర్లేకపోయింది. చివరి ఘట్టం చదివిన రోజు బస్సు కోసం కూడా ఆగకుండా నడిచొచ్చేశాను. గుమ్మంలోంచే, "దొరికిందత్తా! ముగింపు దొరికింది!" అని అరిచాను.

"ఆగు. ఇప్పుడు సెప్పకు" అన్నారు ఆవిడ. మొహం కడుక్కున్నారు. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకున్నారు. దేవుడి గూట్లో ఉన్న కుంకుమ బరిణె తీసుకుని, మా గేటు తీసుకుని వీధిలోకి వెళ్లి, వాళ్ల గేటు ముందు నిలబడ్డారు. నేను మా గోడ వారన నిలబడి చూస్తున్నాను. చిన్నత్త చేటతో వాకిట్లోకి వచ్చింది. అక్క చేతిలో బరిణె చూసి చేట కింద పెట్టేసింది.

"బొట్టెట్టించుకో సెల్లీ. రేపు మద్దేనం యుద్ధం ముగింపు. నువ్వు రావాల."

"యుద్ధానికి బొట్టేటక్కా!"

"పెళ్లికి పెట్టనేదు కదా. దీనికైనా పెడతాను."

చిన్నత్త చెంగుతో నుదురు తుడుచుకుని మొహం పైకెత్తింది. మా అత్తగారు ఒకటికి రెండుసార్లు బొట్టు దిద్దారు.

మర్నాడు ఆవిడ గేటు తీసుకుని వచ్చింది. అత్తగారు పొద్దున్నే పరమాన్నం వండారు. యుద్ధం కాబట్టి మళ్లీ పెరట్లోనే, కానీ ఈసారి రెండు పీటలూ గోడకి ఇటువైపే. నేను చెప్పాను. గోడలూరు ఓడిపోయింది. సముద్రం దాకా కట్టుకున్న గోడలని, పక్కన పిల్లనగ్రోవులు వాయిస్తుండగా కూలగొట్టారు.

"అంటే మేమే గెలిసినామా?" అంది చిన్నత్త. ఆ గొంతులో గెలుపు లేదు. "ఇల్లు కూలగొట్టి సన్నాయేటి, సిగ్గు నేక" అంది.

ఇంకా ఉందన్నాను. ఓడిన ఊరిలో వాళ్లలో వాళ్లే రెండు ముక్కలై చంపుకున్నారు. చివరికి అలిసిపోయి, మిగిలినవాళ్లంతా ఒక చోట చేరి ఒట్టు పెట్టుకున్నారు. జరిగినవి మనసులో పెట్టుకుని ఒకరినొకరు దెప్పుకోం, పగ తీర్చుకోం అని. ఆ ఒట్టు మీద ఊరు మళ్లీ నిలబడింది. అదీ కథ అన్నాను.

ముందు మా అత్తగారు లేచారు. చేతులు దులుపుకుని, "అయిపోనాది. ఇదే పట్టాబిసేకం. ఇంక లోపలికి రా, పాయసం తిందాం" అన్నారు. చిన్నత్త మా పెరటి గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. నా పెళ్లినాడు నేను ఎలా వచ్చానో అచ్చం అలాగే వచ్చింది. మేము ముగ్గురం పాయసం తింటూ ఏడ్చాం. నేనైతే ఎందుకేడ్చానో కూడా ఆలోచించలేదు.

గోడ పూర్తిగా పడిపోలేదులెండి. మావగారూ ఆయన తమ్ముడూ కలిసి మనిషి పట్టేంత సందు మాత్రం కొట్టారు. నా పరీక్ష ఆ ఏడు పోయింది, మరుసటేడు పాసయ్యాను. ఉద్యోగం వచ్చి రోజూ రైలెక్కడం మొదలయ్యాక మధ్యాహ్నం చదువులు తగ్గిపోయాయి. సందులో మాత్రం పీటలు అలాగే ఉండేవి, గోడకి ఇటొకటి, అటొకటి. ఇంకో గ్రీకు యుద్ధం ఉందని, అంతకుముందుదని, సముద్రం మాట వినలేదని కొరడాలతో కొట్టించిన పరాయి రాజు అందులో ఉన్నాడని ఒకసారి చెప్పాను. అత్తగారికి ఆ రాజు మీద ఎంత ఆశ పుట్టిందో! "సముద్రాన్ని కొట్టినాడా! వచ్చే సెలవులకి అది సదవాల" అని ప్రతి ఏడూ అనేవారు. ప్రతి సెలవులకీ ఏదో ఒక పని అడ్డొచ్చేది. ఈ ఏడు కచ్చితంగా అనుకుని పుస్తకం తెచ్చి ఇంట్లో పెట్టాను.

పెద్దకర్మ అయిన తరవాత ఆదివారం, మధ్యాహ్నం అంట్లయ్యే వేళకి చిన్నత్త సందులోంచి వచ్చి మా పెరటి గుమ్మం బయట నిలబడింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఏడాది దాకా బొట్టెట్టి పిలవకూడదు కదే. ఊరికే పిలుత్తన్నాను. రా, ఆ సముద్రాన్ని కొట్టినోడి పుస్తకం అట్టుకురా" అంది.

బొట్టు పెట్టలేదని పెరట్లో గోడ లేపిన మనిషి ఆవిడే. నేను పుస్తకం పట్టుకుని గడప దాటాను. చిన్నత్త తన పీట దగ్గరికి వెళ్లలేదు. ఇటువైపున్న మా అత్తగారి పీట చెంగుతో తుడిచి, దాని మీద కూర్చుంది.

"సదువు. ఇయ్యాల నుంచి అక్క పచ్చం నాను మాటాడతాను."

కుళాయి రావడానికి ఇంకా టైముంది. నేను మొదటి పేజీ తెరిచాను.